జేబు చాకు, మల్టీటూల్: ఏది ఎవరికి పనికొస్తుంది, ఎక్కడికి వెంట తీసుకెళ్లవచ్చు

ఎర్ర పిడి మీద తెల్ల శిలువ గుర్తున్న స్విస్ చాకులను తయారుచేసే విక్టోరినాక్స్ సంస్థ 2024 మే నెలలో ఒక విషయం బయటపెట్టింది. బ్లేడు లేని జేబు పనిముట్లను రూపొందించే పనిలో ఉన్నామని సంస్థ అధిపతి కార్ల్ ఎల్సెనర్ చెప్పారు. నూట ముప్ఫై ఏళ్లకు పైగా చాకులు అమ్ముకుని బతికిన కంపెనీ బ్లేడునే పక్కన పెడతానంటే ఎవరికైనా ఆశ్చర్యమే. కత్తులతో జరిగే నేరాల వల్ల ఒక్కో దేశమూ వాటిపై ఆంక్షలు బిగిస్తోందని ఆయన చెప్పిన కారణం. అన్నట్టుగానే ఆ సెప్టెంబరులో బ్రిటన్ ‘జాంబీ’ తరహా కత్తులను, అంటే భయపెట్టే ఆకారంలో చేసిన పొడవాటి కత్తులను ఇంట్లో ఉంచుకోవడాన్ని సైతం నిషేధించింది. అక్టోబరు 31 నుంచి జర్మనీ బహిరంగ వేడుకల్లోకి, దూరప్రాంత రైళ్లలోకి కత్తులు తీసుకెళ్లడాన్ని అడ్డుకుంది.

మన దగ్గర పరిస్థితి వేరుగా కనిపిస్తుంది. ఆన్‌లైన్ దుకాణాల్లో మడత చాకులు, పట్టకారున్న మల్టీటూల్‌లు విరివిగా దొరుకుతున్నాయి. కొనేవాళ్లకు రెండు రకాల తికమకలు ఎదురవుతున్నాయి. ఇన్ని రకాల్లో తమకు నిజంగా పనికొచ్చేది ఏది అన్నది ఒకటి. దాన్ని జేబులో వేసుకుని తిరగవచ్చా అన్నది రెండోది. ఈ రెంటినీ విడివిడిగా చూస్తే జవాబు చిక్కదు. ఎందుకంటే కొనేటప్పుడు మనం వేసుకోవాల్సిన ప్రశ్నా, పోలీసు ఆపినప్పుడు అడిగే ప్రశ్నా ఒకటే: ఇది దేనికోసం?

పట్టకారు ఉన్నదీ లేనిదీ: రెండు వేర్వేరు వంశాలు

జేబు చాకు అంటే మడతపెడితే బ్లేడు పిడిలోకి వెళ్లిపోయే చిన్న కత్తి. దానికి కత్తెర, స్క్రూడ్రైవర్, డబ్బా మూత తీసే కొక్కెం వంటివి జోడిస్తే స్విస్ తరహా చాకు అవుతుంది. ఇందులో ప్రధానమైనది బ్లేడే, మిగతావి దాని పక్కన చేరినవి. మల్టీటూల్‌లో పట్టకారుదే పెద్దపీట. పిడి రెక్కలు విప్పితే పట్టకారు బయటికి వస్తుంది, బ్లేడు, ఆకురాయి, స్క్రూడ్రైవర్లు ఆ రెక్కల్లో మడిచి ఉంటాయి.

ఈ తేడా వెనక చరిత్ర ఉంది. 19వ శతాబ్దం చివర స్విస్ సైన్యం కొత్త తుపాకీ తెచ్చుకుంది. దాన్ని విప్పి శుభ్రం చేయడానికి సైనికుడికి స్క్రూడ్రైవర్ కావాలి, డబ్బాలో వచ్చే తిండి తెరవడానికి మరొక సాధనం కావాలి. ఆ అవసరాలను ఒక్క పిడిలో ఇమిడ్చిన చాకును 1891లో ఇబాఖ్ గ్రామానికి చెందిన కార్ల్ ఎల్సెనర్ సైన్యానికి అందించారు. పైన చెప్పిన అధిపతి ఆయన వారసుడే, పేరు కూడా అదే. 1897లో వచ్చిన అధికారుల చాకులో రెండో బ్లేడు, బిరడా తీసే మెలి చేరాయి. సైనికుల చాకులో మాత్రం ఆ మెలి లేదు.

మల్టీటూల్ దాదాపు శతాబ్దం తర్వాత, అమెరికాలో పుట్టింది. టిమ్ లెదర్‌మన్ 1975లో భార్యతో కలిసి ఒక పాత ఫియట్ కారులో యూరప్ తిరిగారు. కారు మొరాయించినప్పుడల్లా, బస చేసిన గదుల్లో గొట్టాలు కారినప్పుడల్లా జేబులోని చాకు చాలలేదు, పట్టకారు లేని లోటు తెలిసింది. ఏళ్ల తరబడి నమూనాలు చేసి, 1983లో ఆయన తన మొదటి మల్టీటూల్‌ను అమ్మకానికి పెట్టారు.

కోయడం, కత్తిరించడం, తెరవడం మన పనులైతే మొదటి వంశం సరిపోతుంది. పట్టి లాగడం, తిప్పడం, వంచడం ఉంటేనే రెండోది కావాలి. పట్టకారు అవసరం లేనివారు మల్టీటూల్ కొంటే పావుకిలో ఇనుమును ఊరికే మోస్తున్నట్టే. తరచుగా జరిగే పొరపాటు ఇదేనని నా అభిప్రాయం.

వారం రోజుల్లో మనం నిజంగా కోసేది ఏమిటి

కొనబోయేవారు సాధారణంగా బ్లేడు ఎంత పొడవని చూస్తారు. పనులను వరుసగా రాసుకుంటే వేరే సంగతి బయటపడుతుంది. కొరియర్ డబ్బా మీద టేపు కోయడానికి బ్లేడు మొనలో ఒక సెంటీమీటరు చాలు. పాల ప్యాకెట్ మూల, మందుల స్ట్రిప్, చొక్కా అంచున వేలాడే దారం, కొత్త బట్టల ధర చీటీ కట్టిన ప్లాస్టిక్ తాడు ఇవన్నీ కత్తెర పనులు. జామకాయ, ఆపిల్ కోయడానికి ఆరు సెంటీమీటర్ల బ్లేడు ధారాళంగా సరిపోతుంది. పుచ్చకాయ దగ్గర ఏ జేబు చాకైనా చేతులెత్తేస్తుంది. కొబ్బరిబోండాం సంగతి చెప్పనే అక్కర్లేదు, దానికి కత్తి బరువు కూడా కావాలి.

అందుకే చిన్న చాకుల్లో కత్తెర ఉన్నదీ లేనిదీ బ్లేడు పొడవు కన్నా పెద్ద విషయం. విక్టోరినాక్స్ క్లాసిక్ అనే చాకు మూసినప్పుడు 58 మిల్లీమీటర్లు, బరువు 20 గ్రాములకు కాస్త పైన. బ్లేడు బొటనవేలి కణుపంత ఉంటుంది. దాన్ని తాళాలగుత్తికి తగిలించుకున్నవారు ఎక్కువగా విప్పేది కత్తెరనే. ఆ కత్తెర రెక్కల మధ్య సన్నటి స్ప్రింగు ఒకటి ఉంటుంది. ఏళ్లు గడిచాక విరిగేది అదే. అది విడిగా దొరుకుతుంది, ఇంట్లోనే మార్చుకోవచ్చు. ఇలాంటి చిన్న విడిభాగం దొరకడం, దొరకకపోవడం మంచి కంపెనీకీ నకలు సరుకుకీ ఉన్న అసలు తేడాల్లో ఒకటి.

మెట్టు ఎక్కేకొద్దీ బరువు పెరుగుతుంది. రెండు బ్లేడ్లు, ఓపెనర్లు ఉన్న 91 మిల్లీమీటర్ల విక్టోరినాక్స్ స్పార్టన్ సుమారు 60 గ్రాములు. లెదర్‌మన్ స్కెలిటూల్ 142 గ్రాములు. అదే కంపెనీ వేవ్ ప్లస్ 18 పనిముట్లతో 241 గ్రాములు తూగుతుంది, అంటే చాలా ఫోన్ల కన్నా బరువు. పలచటి కాటన్ ప్యాంటు జేబులో 60 గ్రాములు దాటితే వేలాడటం తెలుస్తుంది. 240 గ్రాములైతే నడుముకు తోలు సంచీయో, బండి పెట్టెయో చూసుకోవాలి. పెద్దది తీసుకుంటే ఏ అవసరానికైనా ఉంటుందని ఒక వర్గం అంటుంది. వెంట లేని పెద్ద పనిముట్టు కన్నా జేబులో ఉన్న చిన్నదే మేలని మరో వర్గం అంటుంది. మొదటివారిలో ఎక్కువమంది చేతిపని చేసేవారు, బండి మీద తిరిగేవారు. రెండోవారిలో ఎక్కువమంది కార్యాలయాలకు వెళ్లేవారు. ఎవరి బతుకు నుంచి వారు సరిగానే చెబుతున్నారు.

లాక్ ఉంటే మేలా, లేకపోతే మేలా

మడత చాకు విప్పినప్పుడు బ్లేడును నిలిపేది ఏమిటన్నది చాలామంది పట్టించుకోని అంశం. చట్టం మాత్రం చాలా దేశాల్లో దీన్నే పట్టించుకుంటుంది.

సాధారణ స్విస్ చాకులో లాక్ ఉండదు. పిడి వెన్నులో ఉన్న బిగువైన స్ప్రింగు పట్టీ బ్లేడు మడమను నొక్కి పట్టుకుంటుంది. విప్పేటప్పుడు ‘టక్’మని వినిపించేది ఆ పట్టీ కుదురుకునే చప్పుడే. వెనక్కి కాస్త గట్టిగా తోస్తే బ్లేడు మూసుకుంటుంది. కిందికి నొక్కి కోసినంతసేపూ ఇబ్బంది లేదు, ఆ ఒత్తిడి బ్లేడును ఇంకా తెరిచే వైపే నెడుతుంది. మొనతో పొడిచి రంధ్రం చేయబోతేనే ప్రమాదం. మొన ఇరుక్కుని చేయి ముందుకు జారితే బ్లేడు వేళ్ల మీదికి మడుచుకుంటుంది.

లాక్ ఉన్న చాకులో మీట నొక్కితే, లేదా పిడి లోపలి రేకును వేలితో పక్కకు జరిపితే తప్ప బ్లేడు కదలదు. ఫ్రాన్సులో సవోయ్ ప్రాంతపు ఒపినెల్ చాకుది మరీ సరళమైన పద్ధతి. బ్లేడు మొదట్లో ఉక్కు ఉంగరం ఉంటుంది, దాన్ని కొంచెం తిప్పితే బ్లేడుకు అడ్డు పడుతుంది. 1890లో మొదలైన ఆ చాకుకు ఈ ఉంగరం 1955లో చేరింది. 8వ నంబరు ఒపినెల్ బ్లేడు 8.5 సెంటీమీటర్లు. చాకు తేలిక, పండ్లు కోయడానికి హాయిగా ఉంటుంది. అయితే పిడి చెక్కది. వానాకాలంలో తేమ పీల్చి చెక్క ఉబ్బుతుంది, అప్పుడు బ్లేడు గోటికి రాక మొండికేస్తుంది. కాకినాడలోనో విశాఖలోనో ఉండేవారు కొనేముందు ఆలోచించాల్సిన విషయమిది.

లాక్ వేళ్లకు రక్షణ ఇస్తుందనేది నిజం. అదే లాక్ బ్రిటన్ వంటి చోట్ల చాకును అనుమతి పరిధి నుంచి బయటికి నెడుతుంది. ఆ సంగతి కిందికి వస్తుంది.

ఉక్కు: పదును, తుప్పు, పచ్చి మామిడికాయ

అమ్మేవారి వర్ణనల్లో ఎక్కువ అయోమయం ఉక్కు దగ్గరే. అక్షరాలూ అంకెలూ కలిసిన పేర్లు చూసి ఖరీదైనదే మంచిదనుకోవడం సహజం. నిజానికి ఉక్కు ఎంపిక మూడు గుణాల మధ్య బేరం: పదును ఎంతకాలం నిలుస్తుంది, తుప్పును ఎంత తట్టుకుంటుంది, మళ్లీ సాన పట్టడం ఎంత సులభం. మూడూ ఒకేసారి నిండుగా దొరకవు.

ఉక్కు గట్టిదనాన్ని రాక్‌వెల్ కొలతలో చెబుతారు. విక్టోరినాక్స్ బ్లేడు సుమారు 56 దగ్గర ఉంటుంది. ఖరీదైన ఎస్30వి ఉక్కును 58 నుంచి 61 దాకా గట్టిపరుస్తారు. ఎస్30విలో కార్బన్ 1.45 శాతం, క్రోమియం 14 శాతం, వనేడియం 4 శాతం ఉంటాయి. వనేడియం కార్బన్‌తో కలిసి అతి గట్టి రేణువులుగా మారి అరుగుదలను అడ్డుకుంటుంది. అట్టపెట్టెలు, తాళ్లు రోజంతా కోసేవారికి అది వరం. ఒకసారి మొద్దుబారితే మాత్రం మామూలు సానరాయికి లొంగదు, వజ్రపు పొడి అద్దిన పలక కావాలి. 56 దగ్గరున్న బ్లేడు తొందరగా మొద్దుబారుతుంది, నాలుగు నిమిషాలు రాయి మీద తిప్పితే మళ్లీ దారిలోకి వస్తుంది.

తుప్పు విషయానికొస్తే, ఉక్కులో క్రోమియం సుమారు 10.5 శాతం దాటితేనే స్టెయిన్‌లెస్ అంటారు. ఇక్కడో మెలిక ఉంది. తక్కువ ధర చాకుల్లో ఈ మధ్య బాగా కనిపించే డి2 ఉక్కులో క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది. లెక్క ప్రకారం తుప్పు పట్టకూడదు. కానీ దానిలో కార్బన్ 1.5 శాతం, అంటే చాలా ఎక్కువ. ఆ కార్బన్ క్రోమియంలో పెద్ద భాగాన్ని తనతో కలుపుకుని గట్టి రేణువులుగా మార్చేస్తుంది. తుప్పును అడ్డుకోవడానికి విడిగా మిగిలే క్రోమియం తగ్గిపోతుంది. అందుకే చెమట పట్టిన జేబులో, సముద్రపు గాలిలో డి2 బ్లేడు మీద చిన్న చిన్న గోధుమ చుక్కలు లేస్తాయి.

స్టెయిన్‌లెస్ కాని కార్బన్ ఉక్కు సంగతి మన వంటింటివారికి కొత్త కాదు. పాత ఇనుప కత్తిపీట మీద పచ్చి మామిడికాయ తరిగితే బ్లేడు నల్లబడటం, ముక్కల అంచులకు ఆ నలుపు అంటడం చూసినవారే. పులుపు ఇనుముతో కలిసి చేసే పని అది. కార్బన్ ఉక్కు ఒపినెల్‌తో నిమ్మకాయ కోసి తుడవకుండా మూసేస్తే అదే జరుగుతుంది. ప్రతిసారీ తుడిచి, వారానికోసారి కొబ్బరినూనె చుక్క రాసే అలవాటున్నవారికి ఆ ఉక్కు ఇచ్చే పదును గొప్పది. ఆ ఓపిక లేనివారికి స్టెయిన్‌లెస్సే నయం.

సాన పట్టించడంలో మరో చిక్కు ఉంది. వీధి సానచక్రం వేగంగా తిరుగుతుంది, పలచటి చాకు బ్లేడు క్షణాల్లో వేడెక్కుతుంది. అంచున నీలిరంగు కనిపించిందంటే అక్కడ ఉక్కు మెత్తబడిపోయిందని అర్థం. ఆ తర్వాత ఎంత సాన పట్టినా పదును నిలవదు. కత్తిపీటకు, కొడవలికి సరిపోయే ఆ చక్రం జేబు చాకుకు సరిపోదు. నీళ్లు చల్లిన రాయి మీద, ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల వాలులో నెమ్మదిగా రుద్దడమే దానికి తగిన పద్ధతి.

భారతీయ చట్టం: తొమ్మిది అంగుళాల మాట ఎంతవరకు నిజం

‘తొమ్మిది అంగుళాల లోపు కత్తి ఏదైనా మన దేశంలో చట్టబద్ధమే’ అనే మాట ప్రచారంలో ఉంది. ఇందులో సగం నిజం ఉంది, మిగిలిన సగం దగ్గరే జనం దెబ్బతింటారు.

మూలం 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద 2016లో వచ్చిన నియమాలు. ఆ నియమాల అనుబంధంలో ఐదో తరగతి తుపాకులు కాని ఆయుధాలది. కత్తులు, బాకులు, బల్లేలతో పాటు 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడు ఉన్న చాకుల వంటివి అందులో ఉన్నాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర పరిశోధనకు, పరిశ్రమకు రూపొందించినవాటికి మినహాయింపు ఉంది. ఆ ఐదో తరగతి వస్తువుకు లైసెన్సు కావాలా అన్నది చట్టంలోని 4వ సెక్షన్ మీద ఆధారపడుతుంది. ప్రభుత్వం ఏ ప్రాంతానికి నోటిఫికేషన్ ఇస్తే అక్కడ, ఏ రకం ఆయుధాలకు ఇస్తే వాటికి ఆ సెక్షన్ వర్తిస్తుంది.

ఢిల్లీ దీనికి స్పష్టమైన ఉదాహరణ. 1980 అక్టోబరు నాటి నోటిఫికేషన్ ప్రకారం బొత్తాం నొక్కితేనో, స్ప్రింగుతోనో, మరో యంత్ర పద్ధతిలోనో తెరుచుకునే చాకులకు అక్కడ వేరే కొలత ఉంది. బ్లేడు పొడవు 7.62 సెంటీమీటర్లు, వెడల్పు 1.72 సెంటీమీటర్లు, లేదా అంతకు మించి ఉంటే లైసెన్సు లేకుండా బహిరంగ స్థలంలో పట్టుకు తిరగడం నేరం. అంటే మూడు అంగుళాలు. తొమ్మిది అంగుళాల ధైర్యంతో స్ప్రింగు చాకు జేబులో వేసుకుని ఢిల్లీలో దిగినవారికి ఆ ధైర్యం అక్కరకు రాదు.

ఇక కొలతతో సంబంధం లేనివి ఉన్నాయి. ఎన్నికలు, ఊరేగింపులు, ఉద్రిక్తతల వేళ పోలీసు కమిషనర్లు, మేజిస్ట్రేట్లు నిషేధాజ్ఞలు జారీ చేస్తారు. 2024 జులై వరకు 144 సెక్షన్‌గా జనం నోట నానిన అధికారం ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163వ సెక్షన్. ఆ రోజుల్లో కర్రలు, కత్తులు ఏవీ వెంట ఉండరాదని ఉత్తర్వు రావచ్చు. అందులో సాధారణంగా అంగుళాల లెక్క ఉండదు.

అన్నిటికన్నా కీలకమైనది నిర్వచనం. చట్టం దృష్టిలో ఆయుధమంటే దాడికో రక్షణకో రూపొందించిన, లేదా అందుకు మలచిన వస్తువు. కేవలం ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసిన వస్తువులు ఆ నిర్వచనంలోకి రావు. కత్తెర, స్క్రూడ్రైవర్, డబ్బా ఓపెనర్‌తో మడిచి ఉన్న చాకును చూడగానే పనిముట్టని తెలుస్తుంది. రెండు వైపులా పదును, వేళ్లకు గాడులు, నల్లపూత, బొత్తాం నొక్కగానే ఎగిసే బ్లేడు ఉన్నదాన్ని చూసినవారికి వేరే ఆలోచన వస్తుంది. రెండిట్లోనూ బ్లేడు మూడంగుళాలే కావచ్చు.

‘ఆత్మరక్షణకు ఉంటుంది కదా’ అనే వాదన

ఈ మాట అనేవారిని తేలిగ్గా తీసిపారేయలేం. రాత్రి ఉద్యోగం ముగించుకుని ఒంటరిగా ఇంటికి వెళ్లే అమ్మాయి భయం నిజమైనది. ఆమె సంచిలో చాకు ఉంటే కొంత ధైర్యమనుకునే తల్లిదండ్రుల ఆరాటమూ నిజమే. భారతీయ శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన న్యాయ సంహిత కూడా ఆత్మరక్షణ హక్కును గుర్తిస్తుంది.

ఎదురు వాదన రెండు కాళ్ల మీద నిలుస్తుంది. మొదటిది ఆచరణ. లాక్ లేని చిన్న మడత చాకును సంచిలో వెతికి, గోటితో తెరిచి, పొడవబోతే పైన చెప్పినట్టు అది సొంత వేళ్ల మీదే మూసుకోవచ్చు. చేయి చేయి కలిసేంత దగ్గరలో వాడాల్సిన వస్తువు అవతలివాడి చేతికి పోవడం కూడా అంతే సులభం. రెండోది చట్టం. పండ్లు కోయడానికి తెచ్చుకున్నానంటే పనిముట్టుగా ఉన్న చాకు, రక్షణకు ఉంచుకున్నానంటే నిర్వచనంలోని ‘రక్షణకు’ అన్న మాట కిందికి తనంతట తానే నడిచి వెళ్తుంది. దాడి ఎదురైనప్పుడు తనను కాపాడుకునే హక్కు వేరు, అందుకోసం ముందే కత్తి మోసుకు తిరగడం వేరు. బ్రిటన్‌లోనైతే ఆత్మరక్షణను కత్తి మోయడానికి తగిన కారణంగా సాధారణంగా అంగీకరించరు. రెండు వైపులా తూచి చూస్తే, ఈ అవసరానికి జేబు చాకు తగిన సాధనం కాదనే నేను నమ్ముతున్నాను.

విమానం, మెట్రో

విమానం క్యాబిన్‌లోకి మన దేశంలో చాకుకు అనుమతి లేదు. బ్లేడు బొటనవేలంత ఉన్నా అంతే. చెక్-ఇన్ సామానులో పెట్టుకోవచ్చు, తనిఖీ చేసేవారి చేతులు తెగకుండా చుట్టి పెట్టాలి. సిక్కుల కృపాణానికి మాత్రం దేశీయ విమానాల్లో కొలతల మేరకు మినహాయింపు ఉంది: బ్లేడు 6 అంగుళాలు, మొత్తం పొడవు 9 అంగుళాలు మించకూడదు.

అమెరికాలో 2001 సెప్టెంబరు దాడుల తర్వాత క్యాబిన్‌లోకి చాకులు ఆగిపోయాయి. 2013 మార్చిలో 6 సెంటీమీటర్ల లోపు చిన్న చాకులను అనుమతిస్తామని అక్కడి భద్రతా సంస్థ ప్రకటించింది. విమాన సిబ్బంది గట్టిగా ఎదిరించడంతో జూన్‌లో వెనక్కి తగ్గింది. యూరోపియన్ యూనియన్ నియమాల్లో 6 సెంటీమీటర్ల వరకు బ్లేడుకు అవకాశం ఉంది. కాబట్టి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దాటిన చాకు హైదరాబాదు తిరుగు ప్రయాణంలో మరో విమానాశ్రయం దగ్గర ఆగిపోవచ్చు.

మెట్రో స్టేషన్లలో సంచులను స్కానర్లోకి పంపుతారు, పదునైన వస్తువులు కనిపిస్తే ఆపుతారు. బ్లేడు లేని పనిముట్లు పుట్టుకొచ్చింది ఇలాంటి ద్వారాల కోసమే. విక్టోరినాక్స్‌లోనే జెట్‌సెట్టర్ అనే 58 మిల్లీమీటర్ల రకానికి కత్తెర ఉంటుంది, బ్లేడు ఉండదు. దాన్ని కూడా ఆపాలా వద్దా అన్న తుది నిర్ణయం ద్వారం దగ్గర నిలబడినవారిదే.

మూడు సందర్భాలు, మూడు జవాబులు

హైదరాబాదులో రోజూ మెట్రోలో కార్యాలయానికి వెళ్లే ఉద్యోగిని ఒకరిని ఊహిద్దాం. ఆమె పనులు కొరియర్ టేపు, దారాలు, మాత్రల స్ట్రిప్, కళ్లజోడు స్క్రూ. నెలకో రెండు నెలలకో విమాన ప్రయాణం. పట్టకారు అవసరమే లేదు, బ్లేడు కన్నా కత్తెర ముఖ్యం, తనిఖీలు మాత్రం రోజూ. కాబట్టి తాళాలగుత్తికి బ్లేడు లేని చిన్న పనిముట్టు, పండ్లు కోసుకోవడానికి కార్యాలయపు సొరుగులో మరో మామూలు చాకు ఆమెకు అతుకుతాయి. రెండూ కలిపినా ఒక పెద్ద మల్టీటూల్ ధర కాకపోవచ్చు.

భీమవరం వైపు రొయ్యల చెరువులు చూసుకునే రైతుది వేరే లెక్క. మేత బస్తాల కుట్లు విప్పాలి, నైలాను తాడు కోయాలి, చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ బోల్టు బిగించాలి, తీగ వంచాలి. ఇక్కడ పట్టకారు రోజూ పని చేస్తుంది, కాబట్టి 240 గ్రాముల మల్టీటూల్ బరువనిపించదు, బండి పెట్టెలో ఉంటుంది. తాడుకు నున్నటి అంచు కన్నా రంపపు పళ్ల అంచు బాగా పట్టు దొరకబుచ్చుకుంటుంది. ఉప్పునీరు తగిలే చోట డి2, కార్బన్ ఉక్కు రెండూ దండగ. స్టెయిన్‌లెస్ అయినా మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, కీళ్లలో నూనె చుక్క వేయకపోతే పట్టకారు బిగుసుకుపోతుంది. ఒక విషయం మరిచిపోకూడదు: ఈ పనిముట్ల పిడులు వట్టి లోహం. ఎలక్ట్రీషియన్ పట్టకారుకుండే రబ్బరు తొడుగు వీటికి ఉండదు. ఏరేటర్ మోటారు వైర్లను కరెంటు ఉండగా దీంతో ముట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

మూడోది గుంటూరు నుంచి చదువు కోసం ఇంగ్లండ్ వెళ్తున్న కుర్రాడిది. ఇంగ్లండ్‌లో 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం ప్రకారం మడిచే చాకు, పదునైన అంచు 3 అంగుళాలు మించనిదీ, లాక్ లేనిదీ అయితే కారణం చెప్పకుండానే వెంట ఉంచుకోవచ్చు. లాక్ ఉంటే పొడవు ఎంత తక్కువైనా ఆ వెసులుబాటు లేదు. మల్టీటూల్‌లో ఉన్న లాక్ బ్లేడుకూ అంతే. ఆ పూట పనికి అవసరమైందని చూపగలగాలి. చూపలేకపోతే పెద్దవారికి గరిష్ఠ శిక్ష నాలుగేళ్ల జైలు. జర్మనీ వెళ్లేవారికి గీత మరో చోట ఉంది. ఒంటిచేత్తో తెరుచుకుని లాక్ పడే చాకులను, 12 సెంటీమీటర్లు మించిన మడవని కత్తులను తగిన కారణం లేకుండా బయట మోయకూడదు. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. న్యూయార్క్ నగరంలో 4 అంగుళాలు, ఆపై బ్లేడు కుదరదు, విశ్వవిద్యాలయాల ప్రాంగణాలకు విడిగా నియమాలుంటాయి.

ఆ కుర్రాడికి ఇంట్లో బహుమతిగా ఇవ్వాలనుకుంటే 84 లేదా 91 మిల్లీమీటర్ల లాక్ లేని స్విస్ చాకు ఇబ్బంది పెట్టనిది. శంషాబాదులో చెక్-ఇన్ పెట్టెలో వేయాలి. చేతి సంచిలో మరిచిపోతే భద్రతా తనిఖీ దగ్గర ఆపుతారు. వెనక్కి వెళ్లి పెట్టెలో వేయించుకునే సమయం ఉండాలి, లేదా సాగనంపడానికి వచ్చినవారు ఇంకా బయటే ఉండాలి, లేకపోతే అక్కడే వదిలేయాలి. లాక్ ఉన్న మల్టీటూల్‌ను ఇప్పటికే కొనేసి ఉంటే అది లెస్టర్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో గది సొరుగులో ఉన్నంతకాలం ఏ తప్పూ లేదు. మంచం బిగించడానికి వాడి, వీపుసంచిలో పడేసి, మర్నాడు ఆ సంచితోనే బస్సెక్కితే అప్పుడు చట్టం పరిధిలోకి వస్తుంది.